బీప్‌మన్నంత మాత్రాన నీదైపోదు

‘దొరికినవాడిదే సొమ్ము’ అన్న న్యాయం గోలీలాటలో చెల్లుతుంది. బడి వెనక తుప్పల్లో రబ్బరు బంతి దొరికితే చెల్లుతుంది. పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని ఇంకో దేశంలో అడుగుపెట్టాక చెల్లదు. ఈమాత్రం దానికి ఒక వ్యాసం రాయాలా అంటే, రాయాల్సిన పరిస్థితే వచ్చింది. మెటల్ డిటెక్టర్ ఇప్పుడు ఆన్‌లైన్లో ఆర్డరిస్తే ఇంటికొచ్చే వస్తువు. విడదీసి సర్దితే సూట్‌కేసులో పట్టేస్తుంది. ఇంగ్లండు పొలాల్లో ఎవరో గమ్‌బూట్లు వేసుకుని తిరుగుతూ, చెవిలో బీప్ వినపడగానే మోకాళ్ళ మీద కూలబడి, మట్టి తుడిచి రోమన్ నాణెం చూపించే వీడియోలు గంటల తరబడి చూడొచ్చు. చూసిన వాళ్ళలో కొందరికైనా ‘వచ్చే ట్రిప్పులో మనమూ ఒకసారి…’ అనిపిస్తుంది. అనిపించడంలో తప్పులేదు. కానీ కెమెరా ఆ నాణెం మీదే ఉంటుంది. ఆ పొలం ఎవరిదో, ఆ మనిషి ఎవరిని అడిగి లోపలికొచ్చాడో, ఆ నాణేన్ని సాయంత్రం ఎవరికి చూపించాలో వీడియోలో ఉండదు.

ఇలాంటి విషయాల మీద ట్రావెల్ పేజీల్లో రాసేవాళ్ళు ‘లీగల్ రిస్క్’ అని ఒక పేరా రాసి ఊరుకుంటారు. నాకు ఆ రిస్క్ అన్న మాట మీదే అభ్యంతరం. వాన పడటం రిస్కు. ఫ్లైటు తప్పిపోవడం రిస్కు. చట్టాన్ని వాతావరణం లెక్కన చూసి, గొడుగు పట్టుకెళ్తే సరిపోతుంది అనుకోవడంలోనే అసలు జబ్బు ఉంది. తమ నేలలో ఉన్న గతాన్ని ఎవరు ముట్టుకోవచ్చో, ఎవరు ముట్టుకోకూడదో ఆ దేశం వాళ్ళు కూర్చుని రాసుకున్న నిర్ణయం అది. అతిథిగా వెళ్ళినవాడికి అది నచ్చాల్సిన పని లేదు, పాటించాలంతే.

అందరికంటే గట్టిగా దెబ్బ తిన్న మనిషి దగ్గర మొదలుపెడదాం. ఆయన దగ్గర డిటెక్టర్ కూడా లేదు. 2022లో ఇరాక్‌కి ఒక పర్యాటక బృందంతో వెళ్ళిన బ్రిటిష్ పెద్దాయన, రిటైరైన భూగర్భ శాస్త్రవేత్త, ఎరిడు అనే చోట నేల మీద పడున్న కుండపెంకులు కొన్ని ఏరుకున్నాడు. తవ్వలేదు, గోడ దూకలేదు. పెంకులు ఆ మైదానమంతా చల్లినట్టు పడున్నాయి, కంచె లేదు, బోర్డు లేదు. తిరుగు ప్రయాణంలో బాగ్దాద్ ఎయిర్‌పోర్టులో పట్టుకున్నారు. ఆ జూన్‌లో కోర్టు ఆయనకి 15 ఏళ్ళ జైలు వేసింది. 2002 నాటి ఇరాక్ పురావస్తు చట్టం ప్రకారం దాన్ని స్మగ్లింగ్ ప్రయత్నంగా లెక్కగట్టింది. బోర్డు లేదన్న వాదన జడ్జి ముందు నిలబడలేదు. పేరు చెబితేనే అది ప్రాచీన స్థలమని తెలిసే చోట ‘ముట్టుకోకండి’ అని వేరే రాయనక్కర్లేదన్నది కోర్టు ధోరణి. జూలైలో పై కోర్టు ఆ శిక్ష కొట్టేసింది, ఆయన ఇంటికి వెళ్ళాడు. మధ్యలో నాలుగు నెలల కస్టడీ, బ్రిటన్‌లో లక్షల సంతకాలతో పిటిషన్, పార్లమెంటు సభ్యుల ఒత్తిడి.

పదిహేనేళ్ళు అన్యాయమే. గుప్పెడు పెంకులకి ఒక మనిషి మిగిలిన జీవితం తీసుకోవడం న్యాయం కాదు, ఆ సంగతి ఇరాక్ పై కోర్టే ఒప్పుకున్నట్టయింది. కానీ ఆ కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చూడాలి కదా. ఎరిడు అంటే సుమేరియన్ రాజుల పట్టికలో రాచరికం మొట్టమొదట దిగివచ్చిన ఊరు. 2003 ఏప్రిల్‌లో బాగ్దాద్ మ్యూజియం లూటీ అయింది. ఆ తర్వాత దక్షిణ ఇరాక్‌లో ఎన్నో ప్రాచీన నగరాల దిబ్బల్ని దొంగలు జల్లెడలా చేసి వదిలారు. గిల్‌గమేష్ కథలో భాగమున్న ఒక మట్టిపలక అమెరికాలో ఒక వ్యాపార సంస్థ చేతికి చేరి, చివరికి 2021లో ఇరాక్‌కి తిరిగొచ్చింది. అంత పోగొట్టుకున్న ఇంట్లోకి అతిథిగా వెళ్ళి ‘నేను తీసింది చిన్నదే కదా’ అంటే వాళ్ళకి ఎలా వినిపిస్తుంది? వాళ్ళిల్లు ఖాళీ అయింది చిన్నచిన్నవి తీసినవాళ్ళ వల్ల కూడా.

ఇంకో మాట. ఆ పెద్దాయన వెనక ఒక బలమైన పాస్‌పోర్టు, ఒక పార్లమెంటు, ఒక ప్రెస్సు నిలబడ్డాయి. అదే తప్పు ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాడు చేస్తే లక్షల సంతకాలు ఎవరు పెడతారు? నేను పందెం కాయను.

‘అది ఇరాక్ కాబట్టి అలా, మేం వెళ్ళేది యూరప్ కదా’ అంటారు. సరే, యూరప్ చూద్దాం. ఫ్రాన్స్‌లో చరిత్రకీ పురావస్తు శాస్త్రానికీ సంబంధించిన వస్తువుల కోసం మెటల్ డిటెక్టర్ వాడాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి ఉండాలి. 1989 నుంచీ ఇదే చట్టం. ‘నేను పురావస్తువుల కోసం వెతకట్లేదు, పోయిన ఉంగరం కోసం వెతుకుతున్నా’ అని వెర్డన్ లాంటి యుద్ధభూమిలో నిలబడి చెబితే నవ్విపోతారు. నవ్వితే అదృష్టమే, ఎందుకంటే ఆ మట్టిలో మొదటి ప్రపంచయుద్ధం నాటి పేలని గుళ్ళు ఇంకా ఉన్నాయి, రైతుల నాగళ్ళకి ఏటా తగులుతూనే ఉన్నాయి. డిటెక్టర్‌కి నాణేనికీ ఫిరంగి గుండుకీ తేడా తెలీదు. రెండిటికీ బీప్‌మంటుంది.

ఐర్లండ్ ఇంకా కఠినం. 1980లో డెరినాఫ్లన్ అనే పాత మఠం దగ్గర తండ్రీకొడుకులిద్దరు డిటెక్టర్‌తో వెతికి, వెయ్యేళ్ళకి పైబడిన వెండి పూజాపాత్ర ఉన్న ఒక నిధి బయటికి తీశారు. అది ఎవరిదన్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ గొడవ ఫలితంగా చట్టాలే మారిపోయాయి. ఇప్పుడక్కడ లైసెన్సు లేకుండా పురావస్తువుల కోసం డిటెక్టర్‌తో వెతకడం దేశమంతటా నేరం. రక్షిత కట్టడాల దగ్గరయితే ఆ యంత్రం చేతిలో ఉంటేనే నేరం, ఆన్ చేశావా లేదా అని ఎవరూ అడగరు. స్వీడన్‌లో ఆ జిల్లా పాలనా యంత్రాంగం పర్మిట్ ఇస్తేనే వాడాలి. గ్రీసులోనూ అనుమతి లేకుండా వాడటానికి లేదు. టర్కీలో సాంస్కృతిక సంపదని దేశం దాటించబోతే ఏళ్ళకి ఏళ్ళు జైలు. బజార్లో కొన్న పాత రాయి ముక్క కూడా ఎయిర్‌పోర్టులో ప్రశ్న కావచ్చు.

అమెరికాలో మనవాళ్ళు ఎక్కువ కాబట్టి అక్కడి సంగతి కాస్త వివరంగా. నేషనల్ పార్కుల్లో మెటల్ డిటెక్టర్ వాడటమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా నిషేధం. ఫెడరల్ భూముల్లో, నేటివ్ అమెరికన్ల భూముల్లో నూరేళ్ళు దాటిన పురావస్తువు అనుమతి లేకుండా తీస్తే 1979 నాటి చట్టం కింద జైలు, జరిమానా రెండూ ఉన్నాయి. అమెరికాలో పుట్టి పెరిగినవాడికి ఇది ఒక కేసు, ఒక జరిమానా, లాయరు ఫీజు. హెచ్1బి మీద ఉన్నవాడికి లెక్క వేరు. వీసా ఫారంలో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అనే గడి ఉంటుంది. శనివారం సరదా ఆ గడిలో ఎక్కి కూర్చుంటే, స్టాంపింగ్‌కి వెళ్ళిన ప్రతిసారీ కాన్సులేట్ కిటికీ ముందు నిలబడి ఆ శనివారం గురించే చెప్పుకోవాలి. గ్రీన్ కార్డు క్యూలో పదేళ్ళుగా నిలబడ్డవాడు ఒక తుప్పుపట్టిన బొత్తాం కోసం ఆ క్యూనే పణంగా పెట్టడం ఎంత తెలివితక్కువ పని!

ఇక వీడియోలన్నిటికీ పుట్టిల్లయిన ఇంగ్లండు. నిజమే, అక్కడ డిటెక్టర్ సరదా చట్టబద్ధం. కానీ ‘చట్టబద్ధం’ అనే మాట వెనక షరతులు బారులు తీరి ఉన్నాయి. పొలం యజమాని అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. రక్షిత స్థలాల్లో రాతపూర్వక అనుమతి లేకుండా డిటెక్టర్ వాడటం 1979 నుంచీ నేరం. 1996 నాటి ట్రెజర్ యాక్ట్ ప్రకారం మూడొందల ఏళ్ళు దాటిన వెండి, బంగారు వస్తువుల్లాంటివి దొరికితే 14 రోజుల్లో కరోనర్‌కి చెప్పాలి. చెప్పకపోతే మూడు నెలల దాకా జైలు. 2023లో ఆ నిర్వచనాన్ని ఇంకా విస్తరించారు. లండన్ వెళ్ళి థేమ్స్ ఒడ్డున ఆటు సమయంలో బురదలో ఏదైనా ఏరుకుందామన్నా పోర్ట్ అథారిటీ పర్మిట్ కావాలి, వంగి చూస్తూ వెతకడానికి కూడా. స్కాట్లండుకి వెళ్తే చట్టం మళ్ళీ వేరు. అక్కడ దొరికిన పురావస్తువు ఏదైనా ప్రభుత్వానికి చెప్పి తీరాలి, అది నీదన్న ఊహే లేదు. ఒకే దీవిలో, రైల్లో నాలుగు గంటల దూరంలో, సొంతమనే మాటకి అర్థమే మారిపోతుంది.

ఇంగ్లండులో రెండు కథలు పక్కపక్కన పెట్టుకుంటే చాలు. 2009లో స్టాఫర్డ్‌షైర్‌లో ఒకాయనకి పొలంలో ఆంగ్లో-శాక్సన్ కాలపు బంగారం, వెండి వేల ముక్కలుగా దొరికాయి. కొద్ది రోజుల్లోనే అధికారులకి చెప్పాడు. ఆ నిధికి 32 లక్షల 85 వేల పౌండ్లు విలువ కట్టారు, ఆయనా రైతూ చెరిసగం పంచుకున్నారు. నిధి మ్యూజియంలో ఉంది. 2015లో హియర్‌ఫర్డ్‌షైర్‌లో ఇంకో ఇద్దరికి వైకింగ్‌ల కాలపు నిధి దొరికింది. మూడొందల దాకా నాణేలు ఉండి ఉంటాయని అంచనా. వాళ్ళు చెప్పలేదు, చాటుమాటుగా అమ్ముకున్నారు. పట్టుబడేసరికి పట్టున ముప్ఫై నాణేలు చేతికొచ్చాయి. 2019లో కోర్టు ఒకరికి పదేళ్ళు, ఇంకొకరికి ఎనిమిదిన్నరేళ్ళు వేసింది, తర్వాత అప్పీల్లో తగ్గినా సరే. చెప్పి ఉంటే వాళ్ళకీ వాటా వచ్చేది.

మిగిలిన ఆ కొద్ది నాణేల్లో ఒక రకం మీద ఇద్దరు రాజులు పక్కపక్కన కూర్చుని ఉంటారు. వెసెక్స్ రాజు ఆల్‌ఫ్రెడ్, మెర్సియా రాజు చెయోల్‌వుల్ఫ్. తర్వాతి కాలపు రాతలు ఈ రెండో రాజుని చేతకానివాడిగా కొట్టిపారేశాయి. నాణేలు మాత్రం ఇద్దరూ జతకట్టారని చెబుతున్నాయి. మిగతా నాణేలు, వాటి వరస, అవి ఏ లోతులో దేని పక్కన ఉన్నాయన్న సమాచారం ఉంటే ఇంకేం తెలిసేదో! అది ఇప్పుడు ఎవరికీ తెలియదు, ఎన్ని సంవత్సరాల జైలు వేసినా తిరిగిరాదు.

అసలు వాదన ఇక్కడే ఉంది. డిటెక్టర్ పట్టుకున్నవాళ్ళు తరచుగా అనే మాట: ‘నేలలో పడి కుళ్ళిపోయేదాన్ని బయటికి తీసి కాపాడుతున్నాం, తప్పేంటి?’ వినడానికి బాగుంది. కానీ నాణెం ఒక్కటే చరిత్ర కాదు. నాణెం ఉన్న పొర, దాని కింద బూడిద, పక్కన విరిగిన కుండ, పైన కూలిన గోడ, ఇవన్నీ కలిస్తే వాక్యం అవుతుంది. బీప్‌మన్న చోట గొయ్యి తీసినవాడు ఆ వాక్యంలోంచి ఒక్క పదం పీక్కుని, మిగతా కాగితం చించేసినట్టు. తుప్పు మేకు వస్తే విసిరేస్తాడు. ఆ మేకుల వరసే ఒక చెక్క తలుపు ఉండేదని, ఆ తలుపు వెనక ఒక ఇల్లు ఉండేదని చెప్పే సాక్ష్యం.

దీనికి మన ఉదాహరణ ఒకటుంది, ఇంతకంటే మంచిది నాకు ఎక్కడా కనపడలేదు. గోదావరి ఒడ్డున కోటిలింగాల. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ అక్కడ దొరికే పాత నాణేల్ని ఓపిగ్గా సేకరించి, వాటిని పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి పండితుల ముందు పెట్టారు. వాటిలో శాతవాహనుల మొదటి రాజుగా పురాణాలు చెప్పే సిముకుడి పేరున్న నాణేలున్నాయి. ఆయన కంటే ముందటి గోబద, నారన, కంవాయ, సమగోప పేర్లున్నవీ ఉన్నాయి. శాతవాహనులు ఎక్కడివాళ్ళన్న చర్చ తెలంగాణ వైపు తిరగడానికి ఆ నాణేలు పెద్ద కారణం. ఎందుకు తిరిగింది? ‘ఇవి కోటిలింగాలలో దొరికాయి’ అనే ఒక్క వాక్యం వల్ల. అదే నాణేలు ఊరూపేరూ లేకుండా ఏ వేలం పాటలోనో తేలి ఉంటే? రాజు పేరైతే చదివేవారు, కానీ ఆ రాజు గోదావరి ఒడ్డువాడని చెప్పేదేదీ ఉండేది కాదు. ఆ వాక్యాన్ని మనం మన నేల విషయంలో అంత విలువగా చూసుకుంటున్నప్పుడు, ఇంకొకరి నేలలో దాన్ని చెరిపేసే హక్కు మనకెక్కడిది?

‘మన దేశంలోనే ఎవరూ పట్టించుకోరు, అక్కడ మాత్రం ఎందుకు?’ అనే వాదన కూడా వస్తుంది. మనకి చట్టం లేక కాదు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ యాక్ట్ ఇప్పటికీ ఉంది. నేలలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి చెప్పాలి, దాస్తే ఏడాది దాకా జైలు. చట్టం ఉంది, లంకెబిందెల పిచ్చి అంతకంటే బలంగా ఉంది. గుప్తనిధుల కోసం గుళ్ళో నంది పొట్ట పగలగొట్టడం, గర్భగుడి తవ్వెయ్యడం జిల్లా పేజీల్లో మనం తరచూ చదివేదే. ప్రభుత్వాలూ తక్కువ తినలేదు. 2013లో ఉన్నావ్ జిల్లా దౌండియా ఖేడాలో ఒక సాధువు కలలోకి వెయ్యి టన్నుల బంగారం వచ్చిందని పురావస్తు శాఖ వాళ్ళే పార పట్టారు. 2017 చివర్లో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో నిధి కోసం అధికారికంగానే తవ్వారు. రెండు చోట్లా బంగారం లేదు. కోటకి గొయ్యి మిగిలింది. ఇది మన సిగ్గు. కానీ మనింట్లో చెత్త ఉందని పక్కింటి వాకిట్లో చెత్త పోస్తామా?

పైగా, దోచుకోబడ్డవాళ్ళం మనం. అమరావతిలో దీపాలదిన్నె అనే మట్టిగుట్ట కింద మహాస్తూపం ఉండేది. 1797లో కాలిన్ మెకంజీ చూసేనాటికే మనవాళ్ళు రాళ్ళ కోసం, నిధి కోసం దాన్ని కెలికేశారు. తర్వాత ఇంగ్లీషు అధికారులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తవ్వారు, వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వినవి లండన్ చేరాయి. ఎవరికి వాళ్ళు తమకి కావాల్సింది తీసుకున్నాక అక్కడ మిగిలింది పెద్ద గుంట. వందకు పైగా శిల్పాలు ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో, లండన్ చలికి అద్దాల గదిలో ఉన్నాయి. వాటి ముందు నిలబడి కళ్ళు చెమర్చని తెలుగువాడు అరుదు. ప్రకాశం జిల్లా చందవరం నుంచి పోయిన బౌద్ధ శిల్పం ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ డబ్బిచ్చి కొనుక్కునే దాకా వెళ్ళింది. ఇక్కడ ఉన్నప్పటి ఫోటో సాక్ష్యం దొరకబట్టి 2016లో తిరిగొచ్చింది. రికార్డు లేకుండా పోయినవాటికి ఆ దారి కూడా లేదు.

అమరావతి గురించి అంత బాధపడే మనం, సెలవుల్లో ఇంకో దేశం వెళ్ళి గొయ్యి తీస్తే మెకంజీ కాలం నాటి దొరల పనే చిన్న సైజులో చేస్తున్నట్టు. వాళ్ళకి కనీసం అచ్చమైన కొలతలు రాసుకుని బొమ్మలు గీసుకునే అలవాటుంది. మెకంజీ పార పక్కన ఒక నోట్‌బుక్ ఉండేది. మన చేతిలో ఉండేది రీల్ తీసే ఫోన్.

‘పాత వస్తువు మీద ప్రేమతోనే కదా’ అంటారు చివరికి. ప్రేమ నిజమే అయితే దానికి దారులు మూసుకుపోలేదు. డెన్మార్క్‌లో డిటెక్టర్ పట్టినవాళ్ళు దొరికిన విలువైన వస్తువుల్ని రాజ్యానికి అప్పగిస్తారు, మ్యూజియం వాళ్ళకి పారితోషికం ఇస్తుంది, ఆ ఏర్పాటు మీద అక్కడి పరిశోధన ఎంతో ముందుకెళ్ళింది. చాలా దేశాల్లో అనుమతి ఉన్న తవ్వకాల్లో వాలంటీర్లుగా బయటివాళ్ళని తీసుకుంటారు. బ్రష్షుతో రోజంతా ఒక చదరపు మీటరు తుడవడం రీల్‌కి పనికిరాదు, చరిత్రకి పనికొస్తుంది. ఏదైనా కంటపడితే ముట్టుకోకుండా ఫోటో తీసి, లొకేషన్‌తో సహా దగ్గర్లోని మ్యూజియానికి పంపొచ్చు. దానికి లైసెన్సు అక్కర్లేదు.

టూర్లు అమ్మేవాళ్ళకీ ఒక మాట. ఫ్లైటులో పవర్ బ్యాంకు ఎక్కడ పెట్టుకోవాలో వాట్సాప్‌లో పదిసార్లు చెబుతారు. దిగిన చోట నేల మీద ఏం ఏరుకోకూడదో ఒక్కసారి చెప్పరు. ఎరిడులో పెద్దాయనకి ఆ ఒక్క ముక్క ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే ఆ నాలుగు నెలలు ఉండేవి కావు. ఇంత పెద్ద పరిశ్రమకి ఆ ఒక్క వాక్యం భారమా?

శిక్ష భయంతో ఆగమని నేను అడగట్లేదు. భయంతో ఆగేవాడు కంచె లేని చోట, గార్డు నిద్రపోయిన చోట మళ్ళీ వంగుతాడు. ఆ నేలని తమదని చెప్పుకునే మనుషులున్నారు, వాళ్ళ కథ ఇంకా పూర్తిగా చదవడం అవ్వలేదు. చదువుతున్నవాళ్ళ చేతిలోంచి పుస్తకం లాక్కుని ఒక పేజీ చింపుకుని ఇంటికి తెచ్చుకోవద్దు. సూట్‌కేసు సర్దేటప్పుడు ఆ యంత్రం బయట పెట్టెయ్యండి. దాని బదులు ఇంకో స్వెటర్ పడుతుంది.